బావి చేదినట్టు పీతను చేదాను

గుంతకల్లు దగ్గర మా ఊళ్లో సముద్రం టీవీలోనే కనిపిస్తుంది. అయినా పీతలు పట్టడంలో నన్ను మించినవాడు లేడని ఇంట్లో ఇరవై ఏళ్లుగా కోతలు కోస్తున్నాను. పోయిన వేసవిలో చీరాల దగ్గర మా తోడల్లుడి ఇంటికి వెళ్లగానే మా ఆవిడ పట్టుకుంది.

"ఒక్క ఎండ్రకాయనన్నా పట్టి చూపించు. లేకుంటే ఇంక నీ కతలు మాకు చెప్పొద్దు."

కతలు చెప్పకుండా నేను బతకలేను. పంతం పట్టి ఒడ్డున నిలబడ్డాను. తోడల్లుడు తాడుకు ఎరగా కోడిమెడ కట్టి, ఒక చేతివలతో పాటు ఇచ్చాడు. నీళ్లలోకి విసిరాను. తాడు బిగిసింది. నా చేతులకు తెలిసింది బావి ఒక్కటే. లోతు బావిలోంచి బిందె చేదినట్టు సరసరా లాగేశాను. కోడిమెడ ఒక్కటే వచ్చింది. ఐదుసార్లు విసిరినా అంతే.

"అన్నయ్యా, నీళ్లు చేదుతున్నారా? పీతకు తెలియకుండా లాగాలండీ. కనబడగానే కింద వల పెట్టాలి" అని తోడల్లుడు నవ్వాడు.

"దాన్ని పట్టకుండా ఈడనుంచి కదిలేది లేదప్పా!"

ఆరోసారి జానెడు జానెడుగా లాగాను. నీలి కాళ్ల పీత తేలింది. వలతో ఎత్తేశాను. ఆ సంబరంలో, మా చెరువులో చిన్న ఎండ్రకాయను తీసినట్టు, దాన్ని చేత్తో తీశాను. బొటనవేలు కరిచి పట్టుకుంది.

"నీళ్లలో ముంచండి, వదిలేస్తుంది!" అని తోడల్లుడు అరిచాడు.

వదిలేసి పారిపోతే నన్ను నమ్మేదెవరు? వేలికి వేలాడుతున్న పీతతోనే ఇంటిదాకా నడిచాను.

మా ఆవిడ ఎగాదిగా చూసింది. "ఎండ్రకాయ నిన్ను పట్టింది గదా, నువ్వు యాడ పట్టినావు?" అంటూనే వేలికి పసుపు కట్టింది. కతలు మానమని మళ్లీ అనలేదు.

ఇన్నేళ్ల అబద్ధాలకు నా ఒంటిమీద గీతైనా పడలేదు. ఒక్క నిజానికి వేలు వారం రోజులు వాచింది.