బావ ఓటు విలన్‌కే

బావకి ఉన్న పిచ్చి ఒక్కటే. కుస్తీలో ఎప్పుడూ విలన్ పక్షం.

టీవీలో వచ్చే రెజ్లింగ్ సంగతి తెలిసిందే కదా. కండలు తిరిగిన మనుషులు రంగురంగుల చెడ్డీలు వేసుకుని ఒకళ్ళనొకళ్ళు ఎత్తి పడేసుకుంటారు. లోకమంతా మంచివాడు గెలవాలని గొంతు చించుకుంటుంది. బావ మాత్రం రిఫరీ అటు తిరగగానే కుర్చీతో వెనకనుంచి బాదేవాడి కోసం చప్పట్లు కొడతాడు. వాడు ఓడితే ఆ పూట భోజనం సయించదు. విలన్లు ఎక్కువగా ఓడిపోతారు కాబట్టి బావ సన్నగా ఉంటాడు.

ఈ పిచ్చి టీవీతో ఆగితే బాగుండేది. కుందేలూ తాబేలూ కథ చెప్పమంటే, కుందేలు పెద్దమనసు చేసుకుని నిద్రపోబట్టే తాబేలుకి పేరొచ్చిందంటాడు. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే క్యాచ్ వదిలేసినవాడి వీపు తట్టి వస్తాడు.

ఇవన్నీ దగ్గరుండి చూసి తల పట్టుకున్నవాడు ఆయన చిన్న బావమరిది. బావ భార్య అయిన అక్కయ్యకి ఆఖరి తమ్ముడు కాబట్టి అందరికీ తమ్ముడే. తమ్ముడు చాలా తెలివైనవాడు. ఆ సంగతి ఇప్పటిదాకా తమ్ముడొక్కడే కనిపెట్టాడు.

"బావా, ఎవరు గెలవాలో వాళ్ళు ముందే అనుకుంటారు. అంతా ఉత్తుత్తిదే," అని ఒకసారి గుట్టు విప్పాడు.

"తెలుసురా."

"తెలిసి డబ్బు కట్టి చూస్తారా?"

"సినిమాలో హీరోకి తూటా తగిలితే నువ్వు అంబులెన్సుకి ఫోన్ చేస్తావా?"

తెలివైనవాళ్ళకి సమాధానాలు ఇంటికెళ్ళాకే దొరుకుతాయి.

బావది సోఫాలకీ కుర్చీలకీ దూది పెట్టి గుడ్డ తొడిగే పని. మనుషులు ఎలా కూర్చుంటారో, ఎలా కూలబడతారో చూసీ చూసీ, పడటం అనే విషయం మీద ఆయనకి గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

"కొట్టడం ఎవడైనా కొడతాడురా. పడేవాణ్ణి చూడు. వాడు వెన్ను విరిగినట్టు పడకపోతే ఆ కొట్టినవాడి దెబ్బకి విలువేముంది? జనం చేత ఛీ అనిపించుకుని, పక్కవాడికి చప్పట్లు ఇప్పించి, ఇంటికెళ్ళి నడుముకి కాపడం పెట్టుకుంటాడు. అంతకన్నా ధర్మాత్ముడెవడు?" అనేవాడు. వెంటనే తనే నవ్వేసి, "నా అభిప్రాయాలు మీ అక్కే వినదు, నువ్వేం వింటావులే," అనేవాడు.

ఇలాంటి మనిషి దగ్గరికి అన్నదమ్ముల తగాదా వచ్చింది.

తమ్ముడూ, వాడి అన్నా కలిసి ఒక లాండ్రీ నడుపుతారు. నాన్న పెట్టిన కొట్టు. ఉతకడం, మరకలు పోగొట్టడం అన్న పని. ఇస్త్రీ, మడత తమ్ముడి పని. బోర్డు పాతబడితే కొత్తది రాయించారు. ఆ పెయింటరు ఉత్సాహవంతుడు. 'అన్నదమ్ముల లాండ్రీ' అని మొదలుపెట్టి 'అన్న' అనే రెండక్షరాలకే సగం బోర్డు ఖర్చు పెట్టేశాడు. మిగిలిన అక్షరాలు మెట్రోరైల్లో జనంలా ఒకదాని మీద ఒకటి పడి నిలబడ్డాయి.

"నువ్వే అలా రాయించావు," అన్నాడు తమ్ముడు.

"నాకేం పని? చోటు చాల్లేదు," అన్నాడు అన్న.

"చోటు చాలకపోతే పోనీ. తమ్ముడిలో 'త' ఏది? దాన్ని కూడా 'ద' చేయించావు."

"అది వ్యాకరణంరా."

"వ్యాకరణం కూడా నీ పక్షమే."

నవ్వుకోవాల్సిన మాట. ఎవరూ నవ్వలేదు. మాటా మాటా పెరిగి, ఎప్పటెప్పటివో బయటికొచ్చి, చివరికి కొట్టుకి నడుమ చెక్కగోడ కట్టించుకుందాం అనేదాకా పోయింది. వడ్రంగి సోమవారం పొద్దున వస్తాడు. ఉతికే మెషిన్ అటు, ఇస్త్రీ బల్ల ఇటు. అన్న దగ్గర బట్టలన్నీ ముడతలతో బయటికొస్తాయి, తమ్ముడు మాసిన బట్టల్ని చక్కగా మడతలుపెట్టి ఇస్తాడు. కొట్టు నెల తిరక్కుండా మూతపడుతుందని ఇద్దరికీ తెలుసు. అయినా తగ్గితే లోకువైపోతామని ఇద్దరి భయం. ఈ సందర్భంలో తమ్ముడి తెలివి ఎక్కడికెళ్ళిందో ఎవరికీ తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం పెద్ద పోటీలున్నాయని, డబ్బు కట్టానని, రమ్మని బావ ఇద్దర్నీ విడివిడిగా పిలిచాడు. రెండోవాడు వస్తున్నాడన్న సంగతి ఇద్దరికీ చెప్పలేదు.

సోఫాలు కుట్టేవాడి ఇంట్లో సోఫా ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నడుమ స్ప్రింగులు లేచిపోయి గుంట పడింది. ఇటు కూర్చున్నవాడు, అటు కూర్చున్నవాడు కాసేపటికి జారి నడుమ కలుసుకోవాల్సిందే. అన్నదమ్ములు చెరో పక్క సోఫా చేతిపట్టీ గట్టిగా పట్టుకుని, పడవ మునుగుతున్నట్టు వేలాడుతూ కూర్చున్నారు.

బావ కింద చాప మీద కూర్చుని అభిప్రాయాలు మొదలుపెట్టాడు. మొదటి పోటీ నచ్చలేదు.

"అది పడటమా? మంచం మీద నడుం వాల్చినట్టుంది."

రెండోది నచ్చింది. అందులో విలన్ గుండెలు బాదుకుంటూ రిఫరీ కాళ్ళు పట్టుకుని, ఆయన వంగగానే అవతలివాడి కాలు తొక్కాడు. బావ కళ్ళు చెమర్చాయి. మల్లుల అసలు పేర్లు నోరు తిరగక ఆయన సొంత పేర్లు పెట్టుకున్నాడు. ఆఖరి పోటీ గొడ్డలి దొరకీ పాలబుగ్గలకీ. ఎవరు విలనో చెప్పనవసరం లేదు. దాని కోసం బావ నెల రోజులుగా కలలు కంటున్నాడు.

దానికి ముందు ప్రకటనలు వచ్చాయి. బావ టీవీ గొంతు తగ్గించి తన గొంతు సవరించుకున్నాడు.

"మీరు విడిపోవడమే మంచిదిరా. అసలు మీ నాన్నకే ఇస్త్రీ రాదు."

అన్నదమ్ములకి విన్నది నిజమో కాదో తెలియలేదు.

"ఏమన్నారు?" అన్నాడు తమ్ముడు.

"కాలర్లు కాల్చేవాడు. మొహమాటం కొద్దీ జనం బట్టలేసేవాళ్ళు గానీ."

"నాన్న ఇస్త్రీ చేసిన చొక్కా..." అని లేచాడు అన్న.

"నిలబెడితే నిలబడేది," అన్నాడు తమ్ముడు.

"ఆయన నేర్పిన పనే కదా వీడిది," అని బావ అన్నని చూపించాడు. "మరక తీయమంటే మరకతో పాటు చొక్కా కూడా తీసేస్తాడు."

"అన్నయ్యనంటే ఊరుకోను. డాక్టరుగారి తెల్లకోటు మీద సిరా ఒలికితే ఎవరి వల్లా కాలేదు. అన్నయ్య ఒక్క పూటలో పాలలా చేసిచ్చాడు."

"నీ సంగతి చెప్పమంటావా? ప్యాంటుకి ఒక గీత ఉండాల్సిన చోట రైలుపట్టాల్లా రెండుంటాయి."

అన్న ముఖం ఎర్రబడింది. "వాడి మడతకి వంక పెట్టినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. నీకు కళ్ళున్నాయా అసలు?" అన్నాడు. బావని 'నువ్వు' అనడం అన్నకి పుట్టాక అదే మొదలు.

"కళ్ళున్నాయి, నోరుంది, ఇల్లు నాది," అన్నాడు బావ.

ఆ ఇంట్లోంచే అన్నదమ్ములు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని బయటికి గెంటారు. గుమ్మం దగ్గర బావ పడ్డాడు. ముందు మోకాళ్ళ మీదికి కుంగి, తర్వాత పక్కకి దొర్లి, ఒక కాలు గాల్లోకి లేపి, ఆగి, దాన్ని మెల్లిగా దించాడు. తెలివైనవాడైతే అక్కడే సంగతి పట్టేసేవాడు. తమ్ముడు తలుపు వేసేశాడు. అక్కయ్య వంటింట్లోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికెళ్ళింది.

ఇద్దరూ సోఫాలో కూలబడ్డారు. ఈసారి చేతిపట్టీలు ఎవరూ పట్టుకోలేదు.

"నాన్నని అంత మాట అంటాడా," అన్నాడు అన్న.

"ఈయనకి వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు."

కాసేపు బావని కరువుతీరా తిట్టుకున్నారు. అలా ఇద్దరూ కలిసి ఒకణ్ణి తిట్టుకుని ఎన్నాళ్ళైందో.

"డాక్టరుగారి కోటు సంగతి నీకింకా గుర్తుందా?" అన్నాడు అన్న.

"ఎందుకుండదు." తమ్ముడు అన్న వైపు జరిగి, "ఆ వడ్రంగికి రావద్దని చెప్పు," అన్నాడు.

"నేనెందుకు చెప్పాలి? పిలిచింది నువ్వుగా."

"నేనా? నేను పిలిచింది మన వీధి చివరి వడ్రంగిని."

"నేను పిలిచింది బస్టాండు దగ్గరాయన్ని."

ఇద్దరు వడ్రంగులు రెండు గోడలు కట్టేవాళ్ళన్నమాట. అన్నకి నవ్వాగలేదు. తమ్ముడు నవ్వుతూనే ఫోన్ చేసి ఇద్దరికీ రావద్దని చెప్పాడు.

ఆఖరి పోటీ మొదలవుతుండగా, బావని ఇంకో రెండు మాటలనకపోతే కడుపు నిండేలా లేదని తమ్ముడు తలుపు తీసుకుని బయటికెళ్ళాడు. బావ మెట్ల మీద మెత్తటి దిండు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో టీ కప్పు ఉంది. పక్కన, పెరటిదారిన టీ తెచ్చిన అక్కయ్య. తలుపు తీయగానే ఆయన మొహం దిగాలుగా పెట్టబోయి, వచ్చింది తమ్ముడొక్కడే అని చూసి మానేశాడు.

"గోడ?" అన్నాడు మెల్లిగా.

"లేదు."

"హమ్మయ్య." బావ టీ ఒక గుక్క తాగాడు. "మా పెళ్ళికి నా చొక్కా మీ నాన్నే ఇస్త్రీ చేశాడు. మడత నలుగుతుందని ఆ పూటంతా కూర్చోలేదురా నేను. ఆయన్నంటుంటే నాలుక తిరగలేదు."

అప్పటికి తమ్ముడికి అర్థమైంది. అంత తెలివైనవాడికి అంత ఆలస్యంగా అర్థమైనందుకు సిగ్గు వేసింది.

"లోపలికి రండి బావా. గొడ్డలి దొర వచ్చేశాడు."

"రాకూడదురా. విలన్ అప్పుడే మంచివాడైపోతే మీరిద్దరూ మళ్ళీ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. ఓ వారం నన్నే తిట్టుకోండి. వెళ్ళు, నేనింకా పొగరుగానే ఉన్నానని చెప్పు."

తమ్ముడు లోపలికొచ్చి, తలుపు ఓరగా వదిలి, సోఫాలో అన్న పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" అన్నాడు అన్న.

"పశ్చాత్తాపం లేదు. మహా పొగరుగా ఉన్నాడు," అంటూ తమ్ముడు రిమోట్ తీసుకుని టీవీ గొంతు కొంచెం పెంచాడు.

అన్న టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"ఇంకాస్త పెంచరా," అన్నాడు. "మెట్ల దాకా వినబడదు."