దర్జీ గోడ

చనిపోయిన దర్జీకి ఆయన దుకాణంలోనే సంతాపసభ పెట్టారు. చిన్నప్పుడు ఆయన దగ్గరే బొమ్మలు గీయడం మొదలుపెట్టిన చిత్రకారిణి ముందు వరుసలో కూర్చుంది. మైకు మాత్రం ఆమె బాబాయి అందుకున్నాడు.

"మా అమ్మాయి ఇంతదయిందంటే దర్జీగారూ నేనూ వెన్ను తట్టబట్టే" అన్నాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెన్ను తట్టింది దర్జీ. వీపు మీద వాతలు తేల్చింది ఈ పెద్దమనిషి. ఇంట్లో ఈయన పెన్సిళ్లు విరిచి పారేస్తే, దర్జీ గుడ్డమీద గుర్తులు పెట్టుకునే నీలం సుద్ద ఆమె చేతిలో పెట్టి, మిషను వెనక గోడ చూపించేవాడు. బొమ్మ కుదిరితే మిషను ఆపి చూసేవాడు. కుదరకపోతే ఇంకా గట్టిగా తొక్కేవాడు. గోడ పాడైపోయింది, రంగు వేయించమని బాబాయి ఎన్నిసార్లు పోరినా, "గోడ నాదండీ, గీయనివ్వండి" అనేవాడు.

ఆ బొమ్మల కోసం ఆమె లేచి, గోడకు కట్టిన బ్యానరు పక్కకు లాగింది. ఒక్క గీత లేదు. తెల్లరంగు ఇంకా వాసన కొడుతోంది.

"ఎవరు వేయించారు?"

"నేనేనమ్మా. పదిమంది వచ్చేచోట ఆ పిచ్చిగీతలు ఏం బాగుంటాయి?"

ఆమె మిషను సొరుగులోంచి నీలం సుద్ద తీసింది.

"కొత్తరంగు, పాడుచేయకు" అన్నాడు బాబాయి మైకులోనే.

మూల కూర్చున్న దర్జీ భార్య తలెత్తింది. "గోడ మాది. నువ్వు గీయమ్మా" అని, బాబాయి వైపు తిరిగింది. "మీరు ఆ మైకు పెట్టేసి బయటికి నడవండి."