ఓబులేసుకు నేను చేసిన సైగ

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పైకి కనిపించదు. పెళ్లిళ్లలో నలుగురితో కలిసి నవ్వుతున్నప్పుడూ, కర్నూల్లో తుంగభద్ర వంతెన మీద బండి ఆపి ఊరికే నీళ్లు చూస్తున్నప్పుడూ అది గుండెల మీద కూర్చునే ఉంటుంది. మా ఆవిడకు తెలియదు. పోయేదాకా మా నాయనకూ తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి. ఆ పిరికితనం ఇంకా పోలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? నా అంగడి నుంచే మొదలుపెడతాను.

రాయచోటిలో మాది కిరాణా వ్యాపారం. మా నాయన అంగడి పక్కనే ఉన్న గదిలో నేను ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. ఇళ్లల్లో కంప్యూటర్లు లేవు గానీ, కువైట్‌కు పోయిన మనుషులు మాత్రం వీధికి పదిమంది ఉన్నారు. అక్కడ శుక్రవారం సెలవు. అందుకని శుక్రవారం వస్తే నా గది జాతరే. పెళ్లాలు, తల్లులు, పిల్లలు వంతులవారీగా కెమెరా ముందు కూర్చుని ఏడ్చేవాళ్లు, నవ్వేవాళ్లు, కొత్త చీర ఎత్తి చూపించేవాళ్లు.

అలా వచ్చేవాళ్లలో ఓబులేసు ఒకడు. ముప్పై దాటిన మనిషి. పుట్టు చెవుడు, మాట రాదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక కాలు సన్నబడింది. వాళ్లన్న గంగయ్య కువైట్‌లో డ్రైవరు. వదిన రమణమ్మే వాడికి అన్నం పెట్టి చూసుకునేది. ఫోను వాడికి దేనికీ పనికొచ్చేది కాదు. కెమెరా వచ్చాకే వాడు అన్నతో మాట్లాడాడు. చేతులతో. అన్న అటు నుంచి, వీడు ఇటు నుంచి. కుర్చీలో కుదురుగా ఉండేవాడు కాదు. భుజం దగ్గర నుంచి అరచెయ్యి పైకి ఎగరేస్తే విమానం, అంటే అన్న. ఆ చెయ్యే పైనుంచి దిగి రెండో అరచేతి మీద వాలితే అన్న ఇంటికి వస్తున్నాడని అర్థం. వాళ్లను చూసి చూసి ఆ సైగలు నాకూ వచ్చాయి.

అంతకు ముందు ఏడు గంగయ్య నిజంగానే వచ్చాడు. కెమెరాలో చెయ్యి వాల్చి చూపించాడు. అంతే, ఓబులేసు కుంటుకుంటూ ఊరి బయట రాజంపేట రోడ్డు మీదికి పోయి కూర్చున్నాడు. మద్రాసు విమానాశ్రయం నుంచి కువైట్ వాళ్లను తెచ్చే జీపులు ఆ దారినే వస్తాయని వాడికి తెలుసు. చీకటి పడేదాకా కదల్లేదు. ఊరంతా నవ్వుకుంది. నేనూ నవ్వాను.

ఇక ఆ శుక్రవారం.

ముందురోజే నా సెంటరుకు కొత్త లైను వచ్చింది. కొత్త కంప్యూటర్లు దించాం. పొద్దున్నే గడపకు పసుపు రాసి, నిమ్మకాయ కోసి, టెంకాయ కొట్టాం. మొదటి బేరం ఎవరి చేతి మీదుగా కావాలన్నది మా నాయన ముందే అనుకున్నాడు. ఆయన స్నేహితుడు, చేతివాసి మంచిదని ఊళ్లో పేరున్న ఒక బట్టల శెట్టి రావాలి. మాకు బోణీ అంటే ఆట కాదు. బోణీ కాకముందు ఎదురైన మనిషిని బట్టి ఆ రోజు ఎలా పోతుందో లెక్కగట్టే ఇల్లు మాది. నేను డిగ్రీ చదివాను. అవన్నీ నమ్మనని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి కూడా. కానీ ఆ పొద్దున గుమ్మంలో ఓబులేసు కనిపించగానే శెట్టి వస్తున్నాడేమోనని వీధి మలుపు వైపు చూశాను. కుంటివాడు, మూగవాడు, మొదటి బేరానికి! ఇంత నీచంగా అనుకున్నానని రాయడానికే సిగ్గేస్తోంది. కానీ అనుకున్నాను.

వాడు నవ్వాడు. చెయ్యి ఎగరేసి చూపించాడు. అన్నతో మాట్లాడాలి.

చేత్తోనే తర్వాత రమ్మన్నాను. వాడికి అర్థం కాలేదో, ఆగలేకపోయాడో, గడప మీద కాలు పెట్టాడు. బట్టల శెట్టి వీధి మలుపులో వస్తున్నాడు. లోపల మా నాయన గొంతు సవరించుకున్నాడు. అప్పుడు చేశాను. కుడిచెయ్యి పైకెత్తి, మెల్లగా దించి, ఎడమ అరచేతి మీద వాల్చాను. రోడ్డు వైపు చూపించాను. మీ అన్న వస్తున్నాడు, పో.

వాడి ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు. కుంటుకుంటూ పరుగే. శెట్టి వచ్చి కూర్చున్నాడు. బోణీ అయింది.

సాయంత్రానికి వాడే తిరిగొస్తాడనుకున్నాను. నమ్మండి. పోయినేడులాగే రోడ్డు మీద కూర్చుని, విసుగొచ్చి వచ్చేస్తాడు అనుకున్నాను. రమణమ్మ పొద్దుననగా టమాటా కోతకు కూలికి పోయి, పొద్దుగూకే వేళకు వచ్చింది. వాడు ఇంట్లో లేడని నా దగ్గరికి వచ్చి అడిగింది. మా నాయన పక్కనే ఉన్నాడు. "రాలేదు" అన్నాను. ఆ ఒక్క మాట. ఎందుకన్నాను? గడపలో నుంచి తరిమేశానని తెలుస్తుందనా? సైగ సంగతి బయటపడితే నలుగురూ ఛీ అంటారనా? అప్పుడు "రాజంపేట రోడ్డు చూడండి" అని ఉంటే చాలు. నలుగురు మగవాళ్లు సైకిళ్లేసుకుని పోయేవాళ్లు. వాళ్లు బస్టాండు వెతికారు, గుళ్లు వెతికారు, దర్గా దగ్గర వెతికారు. ఈసారి అన్న వచ్చే సంగతే లేదు కాబట్టి రాజంపేట రోడ్డు ఎవరికీ తట్టలేదు. మర్నాడు పోలీసులు అడిగితే వాళ్లకూ అదే చెప్పాను.

రోడ్డు పక్క చేనులో పాడుబడిన బావి ఉంది. కొన్నాళ్లకు గొర్రెలు మేపేవాళ్లు వాసన పట్టి చూశారు. బావిలో మోకాలి లోతు నీళ్లే. తల వెనుక దెబ్బ ఉంది. దాహానికి దిగి జారాడా, ఎవరైనా తోశారా, ఎవరూ తేల్చలేదు. అనుమానాస్పద మరణం అని రాసుకుని వదిలేశారు. పడగానే ప్రాణం పోయి ఉండకపోవచ్చని ఆస్పత్రి నుంచి ఒక మాట బయటికొచ్చింది. ఆ మాట విన్నాక నాకు సరిగా నిద్ర లేదు. పైన రోడ్డు మీద బస్సులు పోతూనే ఉండి ఉంటాయి. కేక వేయడానికి వాడికి నోరు లేదు.

అసలు విషయం ఇక్కడితో అయిపోలేదు. అయిపోయి ఉంటే బహుశా నేను కూడా మర్చిపోయేవాణ్ణేమో.

అప్పట్లో నేను మా ఊరి పేరుతో ఇంటర్నెట్‌లో ఒక కమ్యూనిటీ నడిపేవాణ్ణి. బెంగుళూరు ఇంజనీర్లు, కువైట్ డ్రైవర్లు, కడపలో చదువుకునే పిల్లలు అందరూ అందులో ఉన్నారు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లం. మామూలుగా సినిమాలు, రాజకీయాలు, ఊరికి నీళ్లెప్పుడొస్తాయన్న తగువు. ఓబులేసు కనబడలేదన్నప్పుడు వాడి ఫోటో పెట్టింది నేనే. కెమెరాలో నవ్వుతూ తీసిన ఫోటో. శవం దొరికాక ఆ ఫోటో కింద మాటలు ఆగలేదు. పాపం అన్నవాళ్లు, పూలబొమ్మలు పెట్టినవాళ్లు, పోలీసుల్ని తిట్టినవాళ్లు. రెండోరోజుకే అందరూ డిటెక్టివులయ్యారు. కుంటివాడు అంత దూరం ఎందుకు పోయాడు? ఒక్కడే ఎలా పోయాడు? ఎవరో తీసుకుపోయి ఉండాలి. ఎవరికి లాభం? వాడి వాటా రెండెకరాల చేను ఎవరికొస్తుంది?

ఎందుకు పోయాడన్న ప్రశ్నకు జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ప్రతి పొద్దునా ఆ ప్రశ్న నా తెర మీద కనిపించేది. తేలు కుట్టిన దొంగలా చదువుతూ కూర్చునేవాణ్ణి.

ఒకరోజు కువైట్ నుంచి ఎవరో రాశారు: "ప్రతి శుక్రవారం నెట్ సెంటరుకు పోతాండె గదా, ఆ పొద్దు పోల్యా? సెంటరోణ్ణి అడగండి." అందులో నా మీద అనుమానమేమీ లేదు. మామూలు ప్రశ్న. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి పరిస్థితి నాది. లేని మనిషి పేరుతో ఒక ఖాతా తెరిచాను. వాళ్ల వీధిలోనే ఉంటానని రాశాను. ఆ పొద్దున వదిన వాణ్ణి చీపురుతో కొట్టడం చూశాననీ, తిండి కూడా పెట్టకుండా బయటికి గెంటిందనీ రాశాను. రమణమ్మ అని పేరు పెట్టి మరీ రాశాను.

గంట గడవకముందే వరద. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. తమకు ముందే తెలుసన్నారు. ఆమెను ఎప్పుడూ చూడనివాళ్లు కూడా ఆమె నడక గురించి రాశారు. కమ్యూనిటీ నడిపేవాడిగా వాటిని తీసేసే అధికారం నా చేతిలోనే ఉంది. తీయలేదు. తీయకపోగా, సిగ్గు విడిచి చెబుతున్నాను, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నా వైపు చూసేవాళ్లు అటు తిరిగారు. అంతే కదా నాకు కావాల్సింది?

గంగయ్యకు అక్కడ ఎవరో చదివి వినిపించారు. ఇంటికి ఫోన్లు ఆగిపోయాయి. అప్పుడు రమణమ్మ నా దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం పూట, ఎవరూ లేని వేళ. గడప బయటే నిలబడింది.

"ఏమప్పా, దీంట్లో ఎవరో రాసినారంట గదా, నేను వోబులేసుని కొట్న్యానని?"

"ఏమోనక్కా. ఎవరెవరో ఏందేందో రాస్తాంటారు."

"రాసినోళ్లు యాడుండారో నీకు తెలుస్తాదంట. పేరు చెప్పు నాయనా. నేనేం కొట్లాడను. మా ఆయనకు ఒక్క మాట చెప్పమని కాళ్లు పట్టుకుంటా."

"నాకు తెలీదక్కా."

కాసేపు కంప్యూటరు వైపే చూసింది. చదువుకున్న పెద్దమనిషి ఎదుట నిలబడినట్టు కొంగు సర్దుకుంది.

"ఆ పొద్దు వాడు నీ కాడికే బయల్దేరినాడప్పా. అన్న సూస్తాడని నీళ్లు పోసి, తలకు నూనె పెట్టి, ఉతికిన సొక్కా తొడిగి పంపిస్తి. నిజంగా రాల్యా?"

"రాలేదక్కా."

"అట్లయితే దోవలోనే ఏమో అయ్యుండాది" అని, నన్ను కాక తనకు తనే చెప్పుకుంటూ పోయింది. నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

గంగయ్య వచ్చాడు. ఆమెను ఇంట్లోకి రానివ్వలేదు. రాజంపేట పక్క పల్లెలో తన సొంత అన్న ఇంటికి చేరిందని విన్నాను. నేను సెంటరు ఎత్తేసి కర్నూలు వచ్చేశాను. తర్వాత ఆ వెబ్‌సైటే మూతపడింది. నేను రాసిన అబద్ధం ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకదు. మొన్న పెళ్లికని రాయచోటి పోతే, పక్క పంక్తిలో ఎవరో "మూగోణ్ణి సంపిందే, ఆ యమ్మ" అంటున్నారు. అప్పటికి పుట్టని పిల్లలు వింటున్నారు.

రెండుసార్లు ఆమె ఊరికి పోదామని బస్సెక్కాను. రెండుసార్లూ రాజంపేటలో దిగి, టీ తాగి, వెనక్కి వచ్చేశాను. ఏం భయం? ఆమె తిడుతుందనా? కాదు. "పోన్లే నాయనా" అంటుందేమోనని భయం. ఆ మాట వినే అర్హత నాకు లేదు.

ఇందులో పేర్లన్నీ మార్చాలనుకున్నాను. మిగతావి మార్చాను. ఆమె పేరు మార్చలేదు. అబద్ధం ఆమె పేరుతోనే రాశాను కదా. ఆమెకు చదువు రాదు. ఎవరైనా చదివి వినిపిస్తారేమో తెలియదు. ఆనాడు ఆ ఫోటో కింద రాయాల్సిన నాలుగు ముక్కలు ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే, గుండెల మీద కూర్చున్న ఆ బరువు కాస్త పక్కకు జరిగినట్టుంది.

ఆ శుక్రవారం ఓబులేసు నా సెంటరుకు వచ్చాడు. తలకు నూనె ఉంది. పాపిడి తీసి ఉంది. ఉతికిన నీలం చొక్కా, గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. రమణమ్మ వాణ్ణి కొట్టలేదు. వాణ్ణి ఆ రోడ్డు మీదికి పంపింది నేను.