శవపేటికకు గ్రాంటు

చల్లపల్లి దగ్గర మా ఊళ్లో మా బాబాయి ఒక సేవా సంఘం నడుపుతున్నాడు. సంఘం అంటే ఆయన, నేను, ఒక ఫ్రీజర్ బాక్సు. ఎవరైనా పోతే, దూరపు బంధువులు వచ్చేదాకా శవాన్ని ఉంచడానికి ఆ పెట్టెను ఉచితంగా ఇస్తాం. పోయిన వేసవిలో ఒకే రోజు రెండిళ్లలో చావులొచ్చి, రెండు కుటుంబాల వాళ్లూ మా అరుగు మీదే తగువు పడ్డారు. ఇంకో పెట్టె ఉండాల్సిందేనన్నాడు బాబాయి. విజయవాడలో ఒక బట్టల వ్యాపారి తన తండ్రి పేరున పెట్టిన ఫౌండేషన్ చిన్న సంఘాలకు గ్రాంట్లు ఇస్తుందని తెలిసింది. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను కాబట్టి దరఖాస్తు నా మెడకు చుట్టుకుంది.

అందులో ఒక ప్రశ్న, మా సేవ వల్ల లబ్ధిదారుల జీవితంలో ఏం మార్పు వచ్చిందని.

"ఏం రాయను బాబాయ్?"

"ఇప్పటిదాకా ఒక్కళ్లూ ఫిర్యాదు చెయ్యలేదని రాయమ్మా."

నవ్వుతున్న లబ్ధిదారు ఫొటో కూడా అడిగారు. బాబాయిని పెట్టె పక్కన నిలబెట్టి, నవ్వించి, అదే పంపాను.

కొన్నాళ్లకు ఆ వ్యాపారి గారే ఫోన్ చేశారు. "శనివారం వస్తామండి. పెట్టె వాడకంలో ఉండగా చూడాలి. మా రూలు అది."

"దానికి ఎవరో ఒకరు పోవాలి కదండీ."

"చూడండి మరి. ముందే చెబుతున్నాం కదా."

శనివారం తెల్లవారేసరికి మా పక్క వీధిలో చేపలమ్ముకునే పెద్దావిడ పోయింది. మంచి మనిషి. మాకు హమ్మయ్య అనిపించింది. అందుకు సిగ్గుపడ్డాను గానీ, కారెప్పుడొస్తుందా అని వీధి వైపు చూస్తూనే ఉన్నాను.

పెట్టె పెట్టిన ఆవిడ ఇంటి ముందే వ్యాపారి గారు తెల్లటి బట్టల్లో భార్యతో సహా దిగారు. ఎవరో పెద్దమనిషి చివరిచూపుకి వచ్చాడనుకున్నారు ఆ ఇంటివాళ్లు. కూతురు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది.

"మా యమ్మ మీకు తెల్సాండీ?"

ఆయన నా వైపు చూశారు. నేను పెట్టె వైపు చూశాను.

"తెలియకపోవడమేంటమ్మా" అన్నారు.

"ఏం చేపలు కొనేవోరండీ?"

పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని ఆ మనిషి కాసేపు ఆలోచించి, "అన్నీనమ్మా" అన్నారు.

ఇక ఆయన్ని కదలనివ్వలేదు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఆవిడ గయ్యాళితనం, ఆవిడ త్రాసు, ఆవిడ తిట్లు అన్నీ చెప్పారు. తిట్ల దగ్గర ఆయన నవ్వారు, వాళ్లూ నవ్వారు. పెట్టె పనితీరు గురించి ఆయన ఒక్క ముక్కా అడగలేదు. శవం లేచేదాకా ఉండి, ఎండలో కాలవ గట్టు మీద శ్మశానం దాకా నడిచారు.

తిరిగొచ్చాక, "గ్రాంటు ఇస్తున్నామండీ. పెట్టెకి రెండు వైపులా మా ఫౌండేషన్ పేరు పెద్దక్షరాలతో రాయించాలి" అన్నారు.

"మావగారి పేరు శవాల పెట్టె మీదా?" అంది భార్య. "బస్‌షెల్టర్ల మీద రాయించారు, బెంచీల మీద రాయించారు, ఊరుకున్నాను. దీనిమీద మాత్రం రాయిస్తే నేనొప్పుకోను."

"రూలు కదా..." అని ఆయన నసిగారు.

"మార్చండి."

కారు దగ్గరే రూలు మారింది.

వానలు మొదలయ్యాక రెండో పెట్టె వచ్చింది, ఎవరి పేరూ లేకుండా. ఇప్పుడు రెండూ బాబాయి వరండాలో పక్కపక్కనే ఉంటున్నాయి. పిన్ని మాత్రం వీధి గుమ్మం వదిలేసి పెరటి దోవన తిరుగుతోంది.