ముందు రెయిలింగ్, తర్వాత అంతయ్య

మా పరంజా మేస్త్రి అంతయ్యకు ఒకటే పిచ్చి. చేతికి రెయిలింగ్ తగిలితేగాని కాలు ముందుకు వెయ్యడు.

ఒకసారి ఎల్బీనగర్ మెట్రోలో ఎస్కలేటర్ ఎక్కబోతూ ముందుగా పక్కనున్న నల్ల బెల్టు పట్టుకున్నాడు. చెయ్యి పైకి పోయింది, మనిషి కిందే ఉన్నాడు. వెనక జనం "జరుగు పెద్దమనిషీ!" అని అరిస్తే, "ఆగుండ్రి, గట్టిగున్నదో లేదో సూస్తున్న" అన్నాడు. ఇంట్లో స్టూలు ఎక్కాలన్నా భార్య పెంటమ్మను పక్కన నిలబెట్టి, ఆవిడ భుజం ఊపి చూసిగాని ఎక్కడు. "నన్నే రెయిలింగ్ జేసిండు సార్" అని ఆవిడ నాతో మొరపెట్టుకుంది.

నాగోల్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు రంగులు వేయించే సూపర్‌వైజర్ని నేను. శుక్రవారానికి పరంజా పైదాకా లేవకపోతే నా ఉద్యోగం ఊడుతుందని ఓనరు చెప్పాడు. అంతయ్య మాత్రం పై వరస ఎక్కనే ఎక్కడు!

"ఎక్కి పైపులు బిగించవయ్యా!"

"రెయిలింగ్ లేంది ఎట్ల ఎక్కాలె సార్?"

"నువ్వు ఎక్కితేనే కదా రెయిలింగ్ కట్టేది!"

"రెయిలింగ్ కడితేనే గద నేనెక్కేది."

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదన్న సామెత వినడమేగాని, కళ్లారా చూడటం అదే మొదలు. నా బుర్ర తిరుగుతుండగానే అంతయ్య రెయిలింగ్ ఉన్న కింది వరసలోనే నిలబడి, కొక్కేలున్న పొడుగాటి రెయిలింగ్ ఫ్రేమును పైకెత్తి, పై వరస నిలువు పైపులకు తగిలించాడు. బిగించాడు. ఊపాడు. మళ్లీ ఊపాడు.

"పైన ఎవరున్నారయ్యా పడిపోవడానికి?"

"ఇప్పుడైతే ఎవ్వరు లేరు సార్."

నాకు ఇంకా అయోమయమైంది. వట్టి పిరికివాడని తేల్చేసుకున్నాను.

గురువారం పై వరసలో చెక్కలు పరిచి అతను చాయ్‌కి పోయాడు. ధైర్యమంటే ఏమిటో పనివాళ్లకు చూపిద్దామని నేనే పైకెక్కాను. కింద ఆటోలు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. కళ్లు తిరిగి, కాలు తడబడి, పక్కకు ఒరిగిపోయాను. పొట్టకు ఏదో అడ్డం తగిలింది. ఎవరూ లేని చోట అంతయ్య కట్టిన రెయిలింగ్! దాన్ని కావలించుకుని కూలబడ్డాను.

అంతయ్యే వచ్చి, చెయ్యి పట్టుకుని దించాడు. "నీకూ ఇంత భయం వేస్తుందా అంతయ్యా?" అన్నాను నీరసంగా.

"నాకెందుకు భయం సార్? నల్గొండ దిక్కు ఇరువై ఏండ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన. నడుముకూ చెట్టుకూ కలిపి మోకుతాడు కట్టుకుంటం. ముందుగాల మోకు పైకి జరిపి, ఎన్కనే కాలేస్తం." కింద రంగులు కలుపుతున్న వాళ్లవైపు చూశాడు. "గీ పెయింటర్లకు మోకుల్లెవ్వు గద. రేపు ఎక్కేది ఆళ్లే. మీరు గూడ ఒకదినం ఎక్కుతరని నాకు ఎర్కనే."

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆ మనిషి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

పరంజా శనివారానికి పూర్తయింది. ఒకరోజు ఆలస్యమని ఓనరు నన్ను తిట్టాడు, పైకెక్కి, ఆ రెయిలింగ్‌కే హాయిగా ఆనుకుని. ఉద్యోగం మాత్రం ఊడలేదు.

ఆ సాయంత్రం ఎల్బీనగర్ మెట్రోలో నా చెయ్యి పైకి పోయింది, నేను కిందే ఉన్నాను. "జరుగన్నా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఆగండి బాబూ," అన్నాను, "గట్టిగా ఉందో లేదో చూస్తున్నాను."