వాలుగలున్న చెరువులో చేపపిల్ల

చెరువులో చేపపిల్ల వదిలే ముందు వల లాగి, వాలుగల్ని ఏరేయడం మా నాన్న కాలం నుంచి ఉన్న పద్ధతి. వాలుగ తోటి చేపల్ని మింగి బతుకుతుంది. బజారులో గిరాకీ ఉందని మావాళ్లు కొన్నాళ్లుగా దాన్నే పెరగనిస్తున్నారు. ఇదేం తెలివో! నిరుడు వదిలిన బొచ్చె, శీలావతి పిల్లల్లో వలకు చిక్కినవి అరకొరే. ఈ చెరువు మీదే బతికే మా పేటకి ఇంకో ఏడాది అలా అయితే గడవదు.

మొన్న పొద్దున్న మళ్లీ చేపపిల్లల వ్యాను వచ్చింది. వల లాగకుండానే డ్రమ్ములు దించుతుంటే నేను అడ్డం వెళ్లాను.

"ఆగండ్రా! ముందు వాలుగల్ని తియ్యండి."

"ఎండెక్కితే పిల్ల చచ్చిపోద్ది బాబాయ్. రేపు తీద్దాంలే," అన్నాడు మా మత్స్యకారుల సంఘం పెద్ద.

"రేపటికి పిల్ల మిగిలితే గదరా! వాలుగలకి విందు పెడతన్నారేంటి, పెళ్లోరికి పెట్టినట్టు?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే మొదటి డ్రమ్ము వంచారు. పిల్ల నీళ్లలో చెదిరిందో లేదో, గట్టు పక్కనే ఓ వాలుగ నోరు తెరిచి నీళ్లు ఎగజిమ్మింది. ఆ వెంటనే ఇంకోచోట, మరోచోట. నవ్వులు ఆగిపోయాయి. సంఘం పెద్ద వల తెమ్మని కేకేశాడు.

మిగిలిన డ్రమ్ముల్ని వ్యాను నీడలోకి జరిపాం. ఎండ ఎక్కుతోంది. వల లాగేదాకా వాటిలో పిల్ల బతుకుతుందో లేదో నాకూ తెలియలేదు.