అమ్మమ్మ జావలో పెంకుల పొడి

కాప్రాలో మా పెరటి కోళ్ల కోసం గుడ్డు పెంకులు పెనం మీద వేయిస్తుంటే, ఆ మాడు వాసనకి అమ్మమ్మ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. మెట్టుగూడ ఇంట్లో మా ఎర్రకోడి పెంకు లేని మెత్తటి గుడ్లు పెడుతుంటే, అమ్మమ్మ పెంకులు వేయించి, నూరి, దాణాలో కలిపింది. "గిది తింటే గట్టిగైతయ్ బిడ్డా," అంది. కొన్నాళ్లకు నిజంగానే గట్టి గుడ్లు వచ్చాయి.

ఆ వానాకాలం అమ్మమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు గుండె తట్టుకోదన్నారు డాక్టర్లు. అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నేను ఏడవలేదు, మందు నాకు తెలుసు కదా. కోళ్ల కోసం నూరిన పొడి డబ్బాలోంచి చెంచాడు తీసి అమ్మమ్మ జావలో కలిపాను.

మొదటి గుక్కకే ఆమె పళ్ల కింద కరకరమంది.

"ఏమేసినవ్ బిడ్డా?"

"పెంకుల పొడి. కోడికి గట్టిగైంది గద అమ్మమ్మా, నీ ఎముక సుత అయితది."

ఆమె గిన్నె ఎత్తి ఖాళీ చేసింది. "జెర గట్టిగైనట్లే ఉంది," అంది. ఆ తర్వాత నేను రోజూ కలిపాను, ఆమె రోజూ తాగింది.

అమ్మమ్మ క్రిస్మస్ దాకా ఉండలేదు. ఇంకో చెంచా వేసుంటే బతికేదని ఆ రోజు వెక్కివెక్కి ఏడ్చాను. గొంతు గీరే ఆ జావను ఆమె నా కోసమే మింగిందని చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు.